గొంతులో పాట వీణ మీదకి

మిరప ఘాటుకో, వయసుకో నా గొంతు బొంగురుపోయి పాట మానేశాను. నలభై దాటాక మా పర్చూరులోనే వీణ పట్టాను.

వీణ మీద మనం వాయించేది చాలావరకు గాత్రం కీర్తనలే కదా! ఐరోపాలోనూ 16వ శతాబ్దంలో పలువురు కలిసి పాడే పాటల్ని ల్యూట్ అనే తీగల వాద్యానికి మార్చుకునేవారు.

మొదట్లో ప్రతి అక్షరానికీ మీటేసరికి కీర్తన కాస్తా టైపుమిషను చప్పుడయింది! కిటుకేమిటంటే, సాహిత్యం మనసులో పాడుకుంటూ మాట మొదలైనచోట మీటాలి. దీర్ఘానికి మళ్ళీ మీటకుండా, మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం సాగుతుంది. మెట్లు 24, వాయించే తీగలు 4. పక్కనున్న 3 తీగలు తాళానికి.

మొన్న త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే, వంటింట్లోంచి మా అత్తగారు మాటలందుకుని పాడారు. పోయిన గొంతు తిరిగొచ్చినట్టే అనిపించిందండీ!