గుడ్లగూబలు - గ్రామ పంచాయతీలు

హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారం ఒకనాడు గ్రామములే. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో కలిసినది. చేలుండిన చోట కర్మాగారములు, మేడలు లేచినవి. అయినను గుడ్లగూబ నగరమును విడువలేదు. పాడుపడిన షెడ్లలో, మేడల గోడల సందులలో అది పిల్లలను పెంచుకొనుచున్నది.

సంక్రాంతి దినములలో గాలిపటముల మాంజా ఇట్టి పక్షుల రెక్కలను కోయుచున్నది. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునలు 2017లో దేశమంతట నిషేధించినది. కాని చెట్లకు చిక్కుకొన్న దారము పండుగ వెళ్ళిన తరువాతను వ్రేలాడుచునే యుండును. రెక్క కీలు తెగిన గుడ్లగూబ బ్రతికినను మరల వేటాడలేదు. అట్టిదానివలన ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చును.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున హ్యూస్టన్ అను చిన్న ఊరు కలదు. 1997లో పిల్లగా నుండగానే గూటినుండి పడి రెక్క చెడిన ఆలిస్ అను గుడ్లగూబ ఆ ఊరి ప్రకృతి కేంద్రమునకు చేరినది. అది ఏండ్ల తరబడి బడిపిల్లల యెదుట నిలిచి తన జాతిని గూర్చి వారికి తెలియజేసినది. దానికై మొదలైన వేడుక పెరిగి గుడ్లగూబల ఉత్సవమైనది. మన దేశముననే పూనా జిల్లాలోని పింగోరి గ్రామమున 2018లో ఇట్టి ఉత్సవము జరిగినది.

మన చట్టము వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి గుడ్లగూబను పట్టుట, పెంచుట, అమ్ముట నేరము. కనుక గాయపడిన పక్షిని అటవీశాఖకే అప్పగించవలెను. 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాత్రించర ప్రాణులకు ప్రత్యేక గృహము కలదు. పగటిని రాత్రిగా మార్చియుంచిన ఆ గృహమును పిల్లలకు చూపుట మంచిది.

బడిలో చూపదగినది మరొకటి కలదు. గుడ్లగూబ ఎలుకను ముక్కలు చేయక మ్రింగి, అరుగని ఎముకలను, వెండ్రుకలను ఉండగా కక్కివేయును. పాత గిడ్డంగి దూలము క్రింద ఇట్టి ఉండలు దొరకును. చేతికి తొడుగు వేసికొని, ఉండను నీట నానబెట్టి, సూదితో విడదీసినచో ఎలుకల పుర్రెలు వరుసగా బయటపడును. వాటిని లెక్కించిన పిల్లవాడు ఆ పక్షిని చావుపిట్ట యనుటకు సంకోచించునని మా నమ్మకము. దాని కేక భయంకరమే. చిన్ననాడు మేమును దుప్పటి ముసుగు పెట్టినవారమే.

ఆ భయమే దాని ప్రాణము తీయుచున్నది. భారతదేశమున సుమారు 30 జాతుల గుడ్లగూబలుండగా, వానిలో 15 జాతులు దొంగవ్యాపారమున కనబడినవని 2010లో ట్రాఫిక్ అను సంస్థ ప్రకటించినది. క్షుద్రపూజలకు దీపావళి సమయమున గిరాకి హెచ్చును. ఇది గాక, విషపు ఎర తిన్న ఎలుకను మ్రింగి చచ్చు గుడ్లగూబలును కలవు. రైతు తన కాపరిని తానే చంపుకొన్నట్లగును. పంచాయతీవారు తొర్రలున్న పాత చెట్లను, తాళ్ళను నరికించుటకు ముందు లోపల గూడున్నదేమో చూపించవలెను.

పిల్ల క్రిందపడి గాయము లేనిచో గూటిలో తిరిగి పెట్టవచ్చును. గాయమున్నచో, చేతికి గుడ్డ చుట్టుకొని, రంధ్రములు చేసిన అట్టపెట్టెలో చీకటిగా నుంచి అటవీశాఖకు కబురంపవలెను. పాలు, అన్నము పెట్టరాదు; నోట నీరు పోయరాదు; చూడవచ్చినవారికందరికి మూత తీసి చూపరాదు.