లింటరు హెచ్చరికలు – మినహాయింపు మర్యాద

దూదినుండియు నూలునుండియు రాలి బట్టల కంటుకొను నూగు ఎట్టిదో రాజపాళయము వారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1936లో పి. ఎ. సి. రామసామి రాజాగారు ఇచ్చట నూలుమిల్లు స్థాపించిరి. ఆ పరిశ్రమ ఈ యూరి పేరుతో పెనవేసికొన్నది. ఆ నూగునే ఆంగ్లమున ‘లింటు’ అందురు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ 1970ల చివర, ‘సి’ భాషలో వ్రాసిన కంప్యూటరు ప్రోగ్రాములను పరిశీలించి సందేహాస్పదములైన చోట్లను ఏరి చూపు సాధనము నొకదానిని నిర్మించి, దాని కా పేరే పెట్టెను. నేడు ఆ జాతి సాధనములన్నియు లింటరులని పిలువబడుచున్నవి.

లింటరు నియమము నెరుగును గాని వ్రాసినవాని యుద్దేశము నెరుగదు. అందుచే తప్పులేని చోటను హెచ్చరించుట కలదు. జాన్సన్ ఈ సంగతి మొదటనే గుర్తించెను. యంత్రము అమలుపరుపక విడిచిపెట్టు వ్రాతను వ్యాఖ్య యందురు. అట్టి వ్యాఖ్యగా ‘నాట్ రీచ్‌డ్’ అని వ్రాసినచో, ప్రోగ్రాము నడక ఆ చోటికి రాదని లింటు గ్రహించి యూరకుండును. వ్యాకరణమున ఉత్సర్గమునకు అపవాద మెట్టిదో, దీని కిదియు నట్టిది. అపవాదము తన చోటనే నియమము నాపును, సూత్రమును కొట్టివేయదు.

తెలుగువారికి దగ్గరి యుదాహరణ మొకటి. 2008లో వెలువడిన పైథాన్ భాష మూడవ కూర్పునుండి, ప్రోగ్రాములోని పేర్లను తెలుగు లిపిలోను పెట్టవచ్చును. విద్యార్థి ‘ధర = 40’ అని వ్రాసినచో పైథాన్ అంగీకరించును. కాని పైలింట్ అను లింటరు, పేరు రోమను లిపిలో లేదని హెచ్చరించును. ఆ పంక్తి చివరనే ‘# పైలింట్: డిసేబుల్=నాన్-ఆస్కీ-నేమ్’ అను వ్యాఖ్య చేర్చినచో ఆ యొక్క పంక్తికి ఆ యొక్క హెచ్చరిక యాగును. (యంత్రమునకు ఈ మాటలు రోమను లిపిలోనే ఇయ్యవలెను.) అదే వ్యాఖ్యను వేరు పంక్తిగా వ్రాసినచో ఆ భాగము ముగియువరకును వర్తించును. ‘స్కిప్-ఫైల్’ అన్నచో ఫైలంతయు పరీక్షను తప్పించుకొనును.

హెచ్చరికను వదిలించుకొను తొందరలో ఎంత ప్రమాదము కలదో డెబియన్ అను లినక్సు పంపిణీ చరిత్ర తెలుపును. అందలి ఓపెన్ ఎస్ ఎస్ ఎల్ అను గూఢలిపి సాధనమును వాల్‌గ్రిండ్ పరీక్షించి, విలువ నింపని జ్ఞాపకస్థానము వాడబడుచున్నదని హెచ్చరించెను. వాల్‌గ్రిండ్ లింటరు కాదు. నడుచుచున్న ప్రోగ్రామును పరీక్షించునది. హెచ్చరికను మాత్రమే యాపు ఏర్పాటు దానియందును కలదు. అయినను 2006లో, చూపునకు ఒకే రీతిగా నున్న రెండు పంక్తులను ప్రోగ్రామునుండియే తొలగించిరి. వానిలో ఒకటి పోయినను పెద్ద హాని లేదు. మరియొకటి, రహస్యపు తాళపుచెవులు ఊహకందకుండుటకు కావలసిన యాదృచ్ఛికతను చేర్చు పంక్తి. అది పోగా, యంత్రజాతియు తాళపుచెవి రకమును పరిమాణమును ఒకటే యైనచో, పుట్టగల తాళపుచెవులు 32,768కి మించవయ్యెను. అన్నిటిని వరుసగా ప్రయత్నించుట యంత్రమునకు కష్టము కాదు. 2008 మే నెలలో ఈ లోపము లోకమునకు వెల్లడియైన పిమ్మట, ఆ యంత్రములపై చేసిన తాళపుచెవులను మరల చేసికొనవలసివచ్చెను.

కనుక పాటింపవలసిన మర్యాద యిది. మొదట, హెచ్చరిక నిజమా కాదా యని విచారింపవలెను; నిజమైనచో ప్రోగ్రామును దిద్దవలెను. కానిచో, హెచ్చరికను పేరుపెట్టి, ఆ పంక్తికి మాత్రమే ఆపవలెను. కారణమును ప్రక్కనే వ్రాయవలెను. పై యుదాహరణమున ‘తెలుగు పాఠము కొరకు తెలుగు పేరు’ అన్న చాలును. కొంతకాలమునకు ప్రోగ్రాము మారి, మినహాయింపు అనవసరము కావచ్చును. అట్టివానిని చూపుటకు పైలింటులో ‘యూస్‌లెస్-సప్రెషన్’ అను పరీక్ష కలదు. అది తనంత పనిచేయదు, కోరి పెట్టుకొనవలెను. కారణము వ్రాయని మినహాయింపును తరువాతివాడు తీయుటకు భయపడును, ఉంచుటకును సందేహించును. కారణము వ్రాసియున్నచో నిర్ణయము వాని చేతిలో నుండును.