రాతి మీద ఒక పనివాడి పేరు

మా మంగళవాడ నుంచి కళ్యాణదుర్గం, రాయదుర్గం మీదుగా మొలకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరికి పోయినాము. దోవలో ఆంధ్రాలోకి పోయి, మళ్లీ కర్ణాటకలోకే రావల్ల. అక్కడి బండ మీద అశోకుడి శాసనం ఉంది. 2,200 ఏండ్లు దాటినది, 1892లో బి.ఎల్. రైస్ దొర కనుక్కున్నాడు. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని రాజు చెప్పిన మాటలు.

ఆఖర్న ఇంకో పేరు ఉంది: చపడ. శాసనం రాసిన లేఖకుడు. తన పని పేరును మాత్రం వాయవ్య దేశపు ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకు రాసుకున్నాడు.

మనం నేసిన తాను మీద మిల్లు ముద్రే ఉంటుంది, నేసినోళ్ల పేరు ఉండదు. మీ పెద్దోళ్లు ఏ మిల్లులో, ఏ పనిలో, ఎన్నేండ్లు చేసినారో అడిగి, పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.