ఒక విరుగుడు, పెక్కు సాలీళ్లు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగర పరిసరములలో, తేమనేలలయందును రాతిసందులయందును బొరియలు చేసికొని, వాని వాకిట పట్టుదారములు పరచి వసించు నల్లని సాలీడొకటి కలదు. జనులు దానిని ఫన్నెల్‌వెబ్ అందురు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఏట్రాక్స్ రోబస్టస్. 1981కి పూర్వము దీని కాటువలన 13 మరణములు నమోదైనవి. ఆ యేట జనవరిలో విరుగుడు మొదటిసారి ఒక రోగికి ఎక్కింపబడినది. అది మొదలు ఈ కాటుచే ఒక్క ప్రాణమైనను పోయినట్లు నమోదు కాలేదు.

ఆ విరుగుడును సాధించినవాడు మెల్‌బోర్న్‌లోని కామన్వెల్త్ సీరమ్ ప్రయోగశాలలలో పనిచేసిన డాక్టర్ స్ట్రువాన్ సదర్లాండు. మనుష్యులకును కోతులకును ప్రాణాంతకమగు ఈ విషము కుందేటిని అంతగా బాధింపదు. కనుకనే కుందేళ్లకు విషమును క్రమక్రమముగా ఎక్కించి, వాని రక్తమున పుట్టిన ప్రతిరక్షకములను ఆయన వేరుపరచెను. ఇందులకు వలయు విషమును నేడు సిడ్నీకి ఉత్తరమున సోమర్స్‌బీలోని ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్కులో సేకరింతురు. ప్రజలే సీసాలలో పట్టి తెచ్చియిచ్చిన మగసాలీళ్లను రెచ్చగొట్టగా అవి ముందరికాళ్లెత్తి, వెనుకకు వాలి, కోరలు చాచును. ఆ కోరల కొనల నిలిచిన విషబిందువును సన్నని గాజుగొట్టముతో పీల్చుకొందురు.

అయితే ఏట్రాక్స్‌కును, దాని దాయాదియగు హాడ్రోనికీకిని కలిపి 30కి పైగా జాతులుండగా, వేటికి వానికే విరుగుడు చేయవలెనా? అది ఏ దేశమునకును శక్యము కాదు. అదృష్టవశమున అక్కరయు లేదు. ప్రతిరక్షకములు సాలీటిని గుర్తింపవు, విషములోని అణువు రూపమును మాత్రమే గుర్తించును. రోబస్టస్ విషమున ప్రాణాంతకమైనది 42 అమైనో ఆమ్లములు గల చిన్న మాంసకృత్తు; నరములలో సోడియము ప్రవేశించు ద్వారములు సకాలమున మూతపడకుండ అది అడ్డగించుటచే, నాడీసంకేతములు ఆగక మరల మరల పుట్టి, చెమటయు లాలాజలమును పొంగి, కండరములు అదిరి, తుదకు ఊపిరితిత్తులు నీరు పట్టును. హాడ్రోనికీ వెర్సుటా విషమునను ఇట్టి మాంసకృత్తే, అన్నే ఆమ్లములతో, స్వల్పభేదములతో కలదు. కావున ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకము రెండవదానిని సైతము పట్టి బంధించును. దీనినే వైద్యులు క్రాస్ రియాక్టివిటీ అందురు.

అంతకంటె ఆశ్చర్యము గొల్పునది మౌస్ స్పైడర్ సంగతి. అది వేరొక కుటుంబమునకు చెందిన సాలీడు. అయినను క్వీన్స్‌లాండులో దాని కాటుచే ప్రమాదస్థితికి వచ్చిన పసిబిడ్డ ఫన్నెల్‌వెబ్ విరుగుడుతోనే తేరుకొన్నది. అట్లని ఒక దేశమున పుట్టినంతమాత్రమున విషములు చుట్టములు కావు. అక్కడిదే యగు రెడ్‌బ్యాక్ సాలీటి విషములో ప్రధానాంశము మిక్కిలి పెద్ద మాంసకృత్తు. దానికై 1956లో గుర్రముల రక్తమునుండి సిద్ధపరచిన విరుగుడు, ఎలుకలపై జరిగిన పరీక్షలలో సముద్రములకావలి బ్లాక్ విడో సాలీళ్ల విషములను అణచినది గాని, ఇరుగున నున్న ఫన్నెల్‌వెబ్ కాటుకు దానిని వాడరు.

ఇన్నాళ్లు రోబస్టస్ అని తలచినది నిజమునకు మూడు జాతులని 2025లో పరిశోధకులు తేల్చిరి. పేరులు మూడయినను విరుగుడు మాత్రము ఒక్కటే.

సిడ్నీలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు దీనినుండి గ్రహింపవలసినది కలదు: కరచినది ఏ జాతియో తేల్చుకొనుటకై కాలయాపన చేయవలదు. పెద్ద నల్లసాలీడు కరచినదని తోచినంతనే, ఆ కాలినో చేతినో ఆసాంతము వెడల్పుపట్టీతో బిగువుగా చుట్టి, కదలనీయక, 000కు ఫోను చేసి, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.