తాళం పడని హాలు

సాగర్ రోడ్డు వెంట ఎల్బీనగర్ దాటి తుర్కయంజాల్ వైపు వెంచర్లు పెరిగేకొద్దీ, వాటిని కట్టే కూలీల గుడిసెలూ రేకుల ఇళ్లూ వాటి పక్కనే లేస్తున్నాయి. ఇలాంటి బస్తీకి కమ్యూనిటీ హాలు అనగానే మన లెక్క చదరపు అడుగుకు ఎంత అన్న దగ్గరే ఆగిపోతుంది. పెళ్లికో మీటింగుకో తెరిచి మిగతా రోజులు తాళం వేసే హాలు ఎంత చవగ్గా కట్టినా ఖరీదైనదే. రోజుకు ఎన్ని గంటలు పనికొస్తోందన్నదే అసలు లెక్క. హైదరాబాద్ బస్తీల్లో 1967లో మొదలైన పట్టణ సామాజిక అభివృద్ధి పథకం బాల్వాడీలు, కుట్టు శిక్షణ లాంటి రోజువారీ పనులతోనే నడిచింది. 2018లో బస్తీ దవాఖానాలు వచ్చినప్పుడు, వాటిలో చాలావాటికి చోటిచ్చింది పాత కమ్యూనిటీ హాళ్లే. ఒకే పెద్ద గదిగా కట్టిన హాల్లో రోగికి చాటు కావాలంటే మళ్లీ అడ్డుగోడ పెట్టాలి. అదేదో ముందే రెండు చిన్న గదులు, మధ్యన వెడల్పాటి వసారా, గల్లీ వైపు అరుగు, బయటి నుంచే తలుపున్న మరుగుదొడ్లు వేస్తే పొద్దున అంగన్‌వాడీ, మధ్యాహ్నం దవాఖానా, సాయంత్రం పొదుపు సంఘం అక్కడే నడుస్తాయి.

ఇన్ని కడితే ఖర్చు పెరగదా అంటే, తగ్గించే దారి గోడలోనే ఉంది. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. రెండు వరసల మధ్య ఖాళీ మిగులుతుంది. గోడ మందం తొమ్మిదంగుళాలే, ఇటుకలు మాత్రం దాదాపు నాలుగో వంతు తక్కువ. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని లోపలికి అంత తొందరగా రానివ్వదు. స్లాబు అడుగుభాగంలో బరువు మోయని చోట కాంక్రీటుకు బదులు పెంకులు పెట్టొచ్చు. పేదలు పక్కా స్లాబే కోరతారన్నది నిజమే, వాళ్ల కోరిక న్యాయమైనదే. కానీ ఇదీ కడ్డీ వేసిన స్లాబే. పైన వేడిని తిప్పికొట్టే తెల్ల పూత వేయాలి. 2017లో నగరంలో 25 పేద ఇళ్ల కప్పులపై చల్లదనపు పొర పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీల వేడి తగ్గింది. మే నెలలో రేకుల కింద పసిపిల్లను పడుకోబెట్టే తల్లికి ఆ రెండు డిగ్రీలు చిన్న విషయం కాదు.

అరుగు తెరిచి ఉంచితే తాగుబోతులు చేరతారన్న భయం ఉంది. వాళ్లు చేరేది ఎవరూ రాని చోటికి. గల్లీకి ఎదురుగా, లైటు కింద, ఆడవాళ్లు కూర్చునే అరుగు మీద ఆ ధైర్యం చేయడం కష్టం. విలువైన సామాను గదుల్లో ఉంటుంది, తాళం వాటికి చాలు. ఇక పట్టా లేని నేల మీద ప్రజాధనం ఎందుకన్న ప్రశ్నను తీసిపారేయలేం. ప్రభుత్వ భూముల్లోని ఇళ్లకు హక్కు కల్పించడానికి 2014 డిసెంబరులో జీవో 58 వచ్చింది కాబట్టి పట్టా లేని బస్తీలన్నీ రేపే పోయేవి కావు. అయితే చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో మాత్రం ఏదీ కట్టకూడదు. మిగతా చోట్ల సందేహముంటే గోడలు తగ్గించి, వసారాను ఇనుప స్తంభాలతో బోల్టులు బిగించి నిలపాలి. బస్తీని వేరే చోటికి తరలిస్తే స్తంభాలూ కప్పూ విప్పి లారీలో వాళ్లతోపాటే పంపొచ్చు.