తప్పు ముద్ర – నాణెం విలువ

తెలుగులో 'నాణెం' అనే మాటకు టంకశాలలో ముద్రించిన బిళ్ళ అనే అర్థంతోపాటు మేలిమి అనే అర్థం కూడా ఉంది. నాణెమైన వస్తువు అంటే మేలైన వస్తువు. అయినప్పటికీ నాణేల సేకర్తలు దోషమున్న నాణెం కోసమే ప్రత్యేకంగా వెదకుతారు; దాని ముఖవిలువకు ఎన్నో రెట్లు చెల్లిస్తారు. అయితే ప్రతి దోషానికీ విలువ లేదు. టంకశాలలో జరిగిన పొరపాటుకే ఆ గౌరవం దక్కుతుంది.

ఈ భేదాన్ని గ్రహించడానికి హైదరాబాదు టంకశాల చరిత్ర తోడ్పడుతుంది. మూడవ అసఫ్ జా అయిన సికందర్ జా కాలంలో, 1803లో, పాతనగరంలోని సుల్తాన్ షాహీలో ఈ టంకశాల వెలసింది. ఆనాడు లోహపు బిళ్ళను అచ్చుపై ఉంచి సమ్మెటతో కొట్టేవారు. బిళ్ళకన్న అచ్చు పెద్దది కావడంవల్ల అక్షరాలన్నీ నాణెంపై పడేవి కావు. కనుక అటువంటి నాణెంపై కొన్ని అక్షరాలు లేకపోవడం తప్పు కాదు. అది ఆనాటి పద్ధతి. 1895లో ఐరోపా నుండి తెప్పించిన యంత్రాలు వచ్చాయి. 1903లో టంకశాల సైఫాబాదుకు తరలింది. 1950లో భారత ప్రభుత్వ అధీనమైంది. 1997లో ముద్రణ చర్లపల్లికి మారింది. యంత్రాల రాకతో నాణేలన్నీ ఒకే రూపంలో వెలువడసాగాయి. అన్నీ ఒకేలా ఉన్నచోటనే వేరుగా ఉన్నది కంటబడుతుంది.

యంత్రముద్రణలో దోషాలు మూడు విధాలు. మొదటిది బిళ్ళలోని దోషం. రేకునుండి బిళ్ళను కత్తిరించేటప్పుడు, అంతకు ముందు కత్తిరించిన రంధ్రంపై కత్తెర పడితే బిళ్ళ అంచు నెలవంకలా తరుగుతుంది. రెండవది అచ్చులోని దోషం. అచ్చు పగిలితే ఆ పగులు నాణెంపై ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. మూడవది ముద్రణలోని దోషం. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మ ఒక వైపుకు ఒరుగుతుంది. ముద్రితమైన నాణెం అచ్చుకే అంటుకొనిపోతే, తరువాతి బిళ్ళపై ఆ బొమ్మ తలక్రిందులు కాక, అద్దంలోవలె కుడియెడమలుగా, లోతుగా పడుతుంది.

వీటిని అనుకరించి మోసగించేవారు లేకపోలేదు. నిజమైన తరుగు నాణెంలో తరుగుకు సరిగ్గా ఎదుటి అంచు కూడా సాధారణంగా పలచబడి ఉంటుంది. తరువాత కోసిన నాణెంలో ఆ అంచు చెక్కుచెదరదు. బరువు మరొక సాక్షి. 1992 నుండి వచ్చిన స్టీలు రూపాయి బరువు 4.85 గ్రాములు, ఆనాటి యాభై పైసల స్టీలు నాణెం బరువు 3.79 గ్రాములు. రూపాయి అచ్చు పొరపాటున యాభై పైసల బిళ్ళపై పడితే త్రాసు ఆ సంగతి చెబుతుంది.

టంకశాల గుర్తు తెలియకపోవడం కూడా మోసానికి దారితీస్తుంది. హైదరాబాదు నాణెంపై సంవత్సరం క్రింద చిన్న నక్షత్రం ఉంటుంది. కోల్‌కతా నాణెంపై ఏ గుర్తూ ఉండదు. గుర్తు లేని కోల్‌కతా నాణేన్ని 'నక్షత్రం తప్పిన హైదరాబాదు నాణెం' అని అంటగడితే తెలియనివారు నమ్ముతారు.

అసలైన దోషనాణేనికి కూడా ప్రభుత్వం నిర్ణయించిన ధర ఏదీ లేదు. దోషం ఎంత అరుదైనది, ఎంత స్పష్టమైనది, సంవత్సరం కనిపిస్తున్నదా, నాణెం అరగకుండా ఉన్నదా, కోరేవారున్నారా అనే అంశాలే వెలను నిర్ణయిస్తాయి. చింతపండుతోనో పొడితోనో తోమితే మెరుపు వస్తుంది, విలువ పోతుంది.

పాత నాణేల క్రయవిక్రయాలకు తన పేరు వాడుకొని రుసుములు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని భారతీయ రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించింది. నాణెం ఎలా తయారవుతుందో తెలిసినవారు అది ఎలా తప్పుతుందో కూడా చెప్పగలరు. ఆ తెలివి లేని వారి చేతిలో అరుదైన నాణెం సామాన్యమవుతుంది, సామాన్యమైన నాణెం వారి సొమ్మును హరిస్తుంది.