చిరుత అడవికి పోయింది, భయం ఎటు పోయింది?

2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దగ్గర, గొల్లపల్లి వైపున ఒక చిరుత కనిపించింది. అటవీ శాఖ వాళ్లు వచ్చి కెమెరాలు బిగించారు. మేకలను ఎరగా కట్టి బోన్లు పెట్టారు. మే 3 నాటికి అది చిక్కింది. జూపార్కుకు తీసుకెళ్లి, ఆ తర్వాత నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలిపెట్టారు. కథ అక్కడితో అయిపోయింది. కానీ ఇలాంటి రోజుల్లో భయానికి చిరుతకంటే పెద్ద అంగలుంటాయి. విమానాశ్రయానికి కొంత దూరంలోని బడంగ్‌పేట్‌లో ఉన్నవాళ్ల ఫోన్‌లోకి వీడియో రావడానికి ఎంతసేపు పడుతుంది? టీవీవాళ్లు వెనకనుంచి డప్పుల మోత కలిపి చూపిస్తే ఇక చెప్పేదేముంది, సందు చివర నల్ల కుక్క కదిలినా గుండె గుభేలుమంటుంది.

ఆ వీడియో చూసి తలుపు గడియ రెండుసార్లు సరిచూసుకున్న మనిషే, పొద్దున్నే హెల్మెట్‌ను అద్దానికి తగిలించి బండిమీద శ్రీశైలం రోడ్డెక్కుతాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. అయినా లారీని చూస్తే ముచ్చెమటలు పట్టవు. ప్రమాదం ఎంతో భయం అంతే ఉండాలన్న లెక్క మన బుర్రకు లేదు. కొత్తది, కంటికి కనిపించనిది, మన చేతిలో లేనిది ఎక్కువ భయపెడుతుంది. రోజూ చూసేది, స్టీరింగ్ మన చేతిలో ఉన్నది తక్కువ భయపెడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ దశాబ్దాలపాటు పరిశోధించి తేల్చింది ఇదే. దీని ఖరీదు ఒక్కోసారి ప్రాణాలే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కార్లెక్కారు. దానివల్ల ఏడాదిలో దాదాపు 1,500 మంది అదనంగా రోడ్లమీద చనిపోయారని జర్మనీ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ అంచనా వేశాడు. విమానాశ్రయం పక్కనే ఉంటూ విమానమంటే వణికేవాళ్లు ఈ లెక్కను ఒకసారి తలుచుకోవాలి.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? కణతల వెనక, మెదడు లోతుల్లో రెండు పక్కలా బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంటుంది. కంటికో చెవికో అందిన సమాచారం దానికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి అడ్డదారి. దీనిమీద ఎలుకలతో పరిశోధన చేసిన జోసెఫ్ లెడూ, శబ్దం ఈ దారిన సుమారు 12 మిల్లీసెకన్లలో అమిగ్డలాను చేరుతుందని చూపించాడు. రెండోది మెదడు పైపొర మీదుగా వెళ్లే చుట్టుదారి. ఆలస్యమైనా వివరం ఉంటుంది. చీకట్లో తాడును చూసి పామనుకుని ఎగిరి గంతేసేది మొదటి దారి పుణ్యం, 'ఓస్, తాడే' అని నవ్వుకునేది రెండో దారి పుణ్యం. ఈ లోపే మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, పేగుల్లో పని నెమ్మదిస్తుంది. కడుపులో దేవినట్టుండటం, అరచేతులు చల్లబడటం పిరికితనం గుర్తులు కావు. పరుగెత్తడానికో కలబడటానికో ఒళ్లు సిద్ధమైందని అర్థం.

అసలు ఈ భయమే లేకపోతే? అరుదైన జన్యువ్యాధితో రెండు అమిగ్డలాలూ దెబ్బతిన్న ఒక అమెరికా మహిళను శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి గమనించారు. పాములంటే ఇష్టం లేదని చెప్పిన ఆవిడను పాములమ్మే దుకాణానికి తీసుకెళితే, ఒక పామును చేతుల్లోకి తీసుకుని దాని నాలుకను తాకింది. ప్రమాదకరమైన పాములను కూడా తాకుతానని మళ్లీ మళ్లీ అడిగితే వారించాల్సి వచ్చింది. ఒకడు తన మెడమీద కత్తిపెట్టి బెదిరించిన పార్కులోకే మర్నాడూ నడిచి వెళ్లింది. మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. నాదర్‌గుల్ వైపు రాళ్లగుట్టల పక్కన కొత్త వెంచర్లలో ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లకు పామంటే కాస్త భయం ఉండటమే మంచిది. భయాన్ని మొత్తంగా చంపేయమని చెప్పే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలమీద నాకు గౌరవం లేనిది అందుకే.

చిక్కంతా పని అయిపోయాక కూడా వెళ్లని భయంతోనే. అది నిలబడేది తప్పించుకోవడం మీద. బండిమీంచి పడిన ఒకావిడ మళ్లీ స్కూటీ ముట్టనంటుంది అనుకుందాం. తాళం తీసి పక్కన పెట్టేయగానే ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే మెదడుకు బహుమతి, రేపు కూడా తప్పుకోమని నేర్పుతుంది. నెలనెలా వడ్డీ కడుతూ అసలు జోలికి పోని అప్పులాంటిదిది, ఎన్నాళ్లయినా తీరదు.

తీర్చే దారి వందేళ్ల కిందటే దొరికింది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలు పంజరాన్ని వాడు ఏడవనంత దూరంలో ఉంచింది. రోజురోజుకూ కొంచెం దగ్గరికి జరిపింది. చివరికి వాడు కుందేలును నిమిరాడు. ఇప్పటి చికిత్స ఈ పునాదిమీదే నడుస్తోంది.

మన స్కూటీ ఆవిడకు దీన్ని ఇలా అన్వయించుకోవచ్చు. మొదట గేటు లోపలే స్టాండ్ వేసి ఇంజన్ ఆన్ చేసి కూర్చోవాలి. దడ పెరుగుతుంది, పెరగనివ్వాలి. మధ్యలో దిగిపోతే మళ్లీ వడ్డీయే. ఊపిరి నిదానంగా, లోపలికి తీసుకున్నదానికంటే ఎక్కువసేపు బయటికి వదిలితే గుండె వేగం తగ్గుతుంది. కాసేపటికి దడ దానంతటదే దిగుతుంది. అలా దిగడం ఒళ్లు స్వయంగా చూడాలి, ఎవరో చెబితే నమ్మదు. అది అలవాటయ్యాక ఆదివారం పొద్దున కాలనీలో ఒక చుట్టు, ఆపైన బాలాపూర్ చౌరస్తా దాకా. హెల్మెట్ మాత్రం మొదటి రోజునుంచే ఉండాలి, అది భయం కాదు, బుద్ధి.

పాత భయం చెరిగిపోదన్నది కూడా తెలిసుండాలి. మెదడు దాని పక్కనే కొత్త పాఠం రాసుకుంటుంది, అంతే. ఆ పాఠం నేర్చిన చోటికి అంటిపెట్టుకుని ఉంటుంది కనుక, కాలనీలో పోయిన భయం ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ మీద మళ్లీ పలకరించొచ్చు. ఓడిపోయామనుకోనక్కర్లేదు. అక్కడా అదే సాధన చేయాలి. పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. తల్లో తండ్రో దేన్ని చూసి కెవ్వుమంటే పిల్లలు దాన్ని చూసి కెవ్వుమనడం నేర్చుకుంటారు. అన్నం తినిపించడానికి బూచాడిని పిలవడం ఇకనైనా మానేయండి.

ఛాతీ నొప్పి, దడ మొదటిసారి వస్తే అది భయమేనని మీరే తేల్చేయకుండా ముందు డాక్టరుకు చూపించుకోండి. గుండె బాగానే ఉందని తేలినా భయంవల్ల ఉద్యోగమో చదువో నిద్రో పాడవుతుంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. బయటికి వెళ్లడానికి మొహమాటమైతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ అనే ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. ఫోను ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.